ఘోడా ముక్కు

మ్యూజియం పిల్ల ఫోన్ చేసింది:
"తాతా, జనరల్ సాబ్ పిస్తోలు వచ్చింది.
అద్దాల పెట్టెల పెట్టేముందట
ఒక్కసారి చూసి సంతకం పెట్టాలె."
లంగర్‌హౌజ్‌ల ఆటో ఎక్కిన.
మోకాళ్ళు పట్టేసినయి గాని
వేళ్ళకు ఇంకా నూనె యాదికుంది.

పేపర్లల్ల అందరు రాసిన్రు.
రెండు యుద్ధాలు, ఛాతీ నిండ పతకాలు,
నడుముకు ఎప్పటికీ ఆ వెబ్లీ.
"నిద్రలో కూడా విప్పేవారు కాదు" అని ఒకాయన,
"అది మాట్లాడితే శత్రువు మాట్లాడడు" అని ఇంకొకాయన.
నేను చదివి, పేపరు చింపి
మిర్చిబజ్జీల నూనె అద్దుకున్న.

నాకు తెలిసిన మహబూబ్ రాజ్ వేరే.
శాలిబండ కాయస్థుల పిల్లగాడు,
ఇరవై రెండు నిండలె,
భుజం మీద ఒక్క చుక్క.
బూట్లు ఒక నంబరు పెద్దయి,
ముందట బట్టపేలికలు కుక్కుకునేటోడు.
గోల్కొండ సెంటర్‌ల దిగిన వారానికే పెరేడ్‌ల
"దహినే ముడ్" అని అరిచి తనే ఎడమకు తిరిగిండు.
ఇరానీ హోటల్ల మూడు నెలల ఖాతా.
రేంజ్‌ల పది గుండ్లు కాలిస్తే ఎనిమిది గుట్టకే.
జవాన్లు చాటుకు "గుట్ట సాబ్" అనేటోళ్ళు.
నేను ఆర్మరర్‌ను, నాయక్ వీరాచారిని.
మా తాత నాగళ్ళు సరిపిండు, నేను తుపాకులు.

వానకాలం.
ఇబ్రహీంబాగ్ దిక్కు రేంజ్ గోడ దుంకి
ఒక పోరడు ఇత్తడి ఖోకలు ఏరుతున్నడు.
కిలోకు ఇంతని పాతసామాన్ల దుకాణపాయన ఇచ్చేటోడు.
సాబ్ "ఎవడురా" అన్నడు.
పోరడు ఉరికిండు.
సాబ్ మీట నొక్కిండు.

టక్.

గంతే. తూటాకు చెమ్మ పట్టింది.
పోరడు చీకట్ల కలిసిండు.
చాలాసేపు జేబుల ఇత్తడి
గలగల వినబడుతనే ఉన్నదట.

రాత్రి పదకొండుకు నా షెడ్డు తలుపు కొట్టిండు.
బల్ల మీద పిస్తోలు పెట్టి,
"చారీ, ఇయ్యాల ఇది నన్ను మోసం చేసింది.
ఎప్పటికీ గిట్లనే మోసం చెయ్యాలె. చేస్తవా?"
సర్కారు సొమ్ము కాదది, వాళ్ళ మేనమామ ఇచ్చిన సొంతది,
గందుకే ఒప్పుకున్న.
లేదు, గందుకు కాదు.
ఆయన చెయ్యి వణకలే,
దవడ వణుకుతున్నది.
ఘోడా ముక్కును రంపంతోని కోసిన.
జొన్నగింజంత తునక బల్ల కిందికి దొర్లింది.
ఆఫీసరూ నాయకూ మోకాళ్ళ మీద కూసోని
లాంతరు పట్టుకొని దేవులాడినం.

పొద్దుగాల మామూలుగనే సలాం తీసుకున్నడు.
తర్వాత బదిలీ. తర్వాత యుద్ధం. తర్వాత పేపర్లు.
నా మెదడుల ఒకటే పురుగు:
మీరట్‌ల ఏ ఆర్మరర్‌తోనన్న
కొత్త ముక్కు అతికిచ్చుకోలేదా?
చావు ముందట నిలబడ్డోడు
ఉత్త ఇనుమును నమ్ముకుంటడా?
ఆ తునక మా కుట్టుమిషన్ సొరుగుల పడి ఉండేది.
మా రాజవ్వ అది మిషన్‌దే అనుకున్నది,
రిపేరు మనిషి వచ్చినప్పుడల్ల
"గిది యాడ పెడ్తరు?" అని అడిగేది.
ఆ పోరడు ఉంటే ఇప్పుడు నా అంత ముసలోడు.
ఏ త్రాసు ముందట కూసున్నడో.

మ్యూజియంల తెల్ల చేతితొడుగులిచ్చిన్రు.
విప్పిన.
నా కోతనే.
ఎడమకు జరంత వాలు,
అప్పట్ల నా రంపానికి ఒక పన్ను ఇరిగుండె.
దాని మీద దుమ్ము లేదు, తుప్పు లేదు.
యాభై ఏండ్లు ఆయన రోజూ నూనెపెట్టి తుడిచిండు,
కోతను కూడ.

పిల్ల పెన్ను పట్టుకొని నిలబడ్డది.
"తాతా, ఫారంల ఒక గడి ఉన్నది.
ఇది పనిచేస్తదా, చెయ్యదా?"
గోడ మీద ఆయన నిలువెత్తు ఫోటో.
బూట్లు సరిగ్గ సరిపోయినయి.
"చేసింది అని రాయి బిడ్డా."
"గట్ల గడి లేదు తాతా."
"మరైతే ఖాళీగ ఇడువు."